ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలంటే ఎలా? కోచింగ్ కన్నా ముందు చేయాల్సిన పనులు

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి, బల్లార్‌పూర్ వైపు తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వింటుంటాను: "మావాడికి ఎయిర్‌ఫోర్స్ పైలట్ అవ్వాలని ఉంది, ఏ కోచింగ్‌లో చేర్పించాలి?" కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కళ్లు, కాళ్లు, రక్తం చూపించండి. లెక్కల్లో వెనకబడితే కష్టపడి అందుకోవచ్చు. కలర్ బ్లైండ్‌నెస్ ఉంటే మాత్రం ఎంత చదివినా ఫ్లయింగ్ బ్రాంచి, అంటే విమానాలు నడిపే విభాగం, దొరకదు. ఆ సంగతి పదో తరగతిలోనే తెలిస్తే పిల్లలు వేరే దారి చూసుకుంటారు. రాతపరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ గట్టెక్కాక మెడికల్‌లో తెలిస్తే తట్టుకోవడం చాలా కష్టం.

మొదట కళ్లు

కళ్లజోడు షాపులో చేసే కంప్యూటర్ టెస్ట్ సరిపోదు. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి "చుక్కలు వేసి పవర్ చూడండి, ఇషిహార పుస్తకంతో కలర్ విజన్ కూడా చూడండి" అని అడగండి. ఫ్లయింగ్ బ్రాంచికి అద్దాలు లేకుండా ఒక కన్ను 6/6, రెండోది కనీసం 6/9 ఉండాలి. ఆ 6/9 కన్ను కూడా అద్దంతో 6/6కి రావాలి, అదీ ప్లస్ పవర్ అయితేనే. దూరంవి మసకగా కనిపించే మైనస్ పవర్ ఉంటే ఫ్లయింగ్‌కి తీసుకోరు.

"లేజర్ చేయించేద్దాం" అనుకునేవాళ్లు ఆగండి. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) దారిలో వెళ్లేవాళ్లకు లేసిక్ ఆపరేషన్ పనికిరాదు. డిగ్రీ తర్వాత వెళ్లేవాళ్లకు కొన్ని షరతులున్నాయి: ఆపరేషన్ నాటికి వయసు 20 నిండాలి, చేయించుకుని కనీసం 12 నెలలు గడవాలి, కంటిగుడ్డు పొడవు 25.5 మి.మీ. మించకూడదు. ఇవేవీ చూసుకోకుండా పద్దెనిమిదేళ్లకే ఆపరేషన్ చేయిస్తే ఉన్న దారీ మూసుకుపోతుంది. ఇంకా చిన్న తరగతుల్లో ఉన్న పిల్లలైతే రోజూ కాసేపు ఎండలో, బయట ఆడుకోనివ్వండి. మైనస్ పవర్ రాకుండా చూసుకోవడానికి అది నిజంగా ఉపయోగపడుతుంది.

తర్వాత కొలతలు

దీనికి డాక్టర్ అక్కర్లేదు, టైలర్ టేపు చాలు. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడితే ఎత్తు కనీసం 162.5 సెం.మీ. ఉండాలి. తర్వాత నేలమీద నడుము, వీపు గోడకు ఆనించి కూర్చుని, మోకాళ్లు లేవకుండా కాళ్లు చాపండి. గోడ నుంచి మడమ చివరి వరకు 99 నుంచి 120 సెం.మీ. మధ్య రావాలి. ఇప్పుడు గోడకు చేర్చిన బల్ల మీద కాళ్లు కిందికి వదిలి కూర్చోండి. గోడ నుంచి మోకాలి ముందు వరకు 64 సెం.మీ. దాటకూడదు. అలాగే కూర్చుని తలమీద అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి గోడమీద పెన్సిల్‌తో గీత గీయమనండి. బల్ల నుంచి ఆ గీత వరకు 81.5 నుంచి 96 సెం.మీ. మధ్య ఉండాలి.

ఇవన్నీ కాక్‌పిట్ కోసం పెట్టిన లెక్కలు. కాళ్లు పొట్టిగా ఉంటే విమానాన్ని తిప్పడానికి కాళ్లతో నొక్కే రడ్డర్ పెడల్స్ సరిగా అందవు. తొడ మరీ పొడవుంటే ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరేటప్పుడు మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కి తగులుతాయి. ఇంటి కొలతలో ఒక సెంటీమీటరు అటూ ఇటూ వస్తే టెన్షన్ పడకండి. పదిహేనేళ్ల పిల్లలైతే ఇంకా ఎదుగుతారు కూడా.

మన జిల్లాల్లో రక్తపరీక్ష తప్పనిసరి

కోచింగ్ సెంటర్లు ఈ మాట చెప్పవు, మన ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆక్సిజన్ తగ్గితే ఈ జబ్బున్నవాళ్ల ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డం పడతాయి. పైకి వెళ్లే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి పైలట్ విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. సికిల్ సెల్ జబ్బు, తలసీమియా ఉంటే ఎయిర్‌ఫోర్స్ అన్‌ఫిట్ అంటుంది. తలసీమియా మైనర్ అనే తేలికపాటి రకం అయినా అంతే.

2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. మొదటి టెస్టులో పాజిటివ్ వస్తే హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో జబ్బా, లేక జబ్బు లేకుండా జన్యువు మాత్రమే ఉన్న వాహకులా అన్నది తేలుతుంది. పైలట్ అవ్వాలన్న ఆలోచన లేకపోయినా ప్రతి ఇంట్లో పిల్లలకు ఈ పరీక్ష చేయించండి.

పొగాకు, వక్కపొడి కలిపి నమిలే ఖర్రా గురించి కూడా చెప్పాలి. స్కూలు పిల్లల జేబుల్లో ఖర్రా పొట్లాలు చూస్తే బాధేస్తుంది. నమిలి నమిలి చెంపలు బిగుసుకుపోతే నోరు పూర్తిగా తెరుచుకోదు. మెడికల్‌లో పళ్లు, నోరు కూడా చూస్తారు. ఇవాళే మానెయ్యండి.

పచ్చబొట్ల గురించి చాలామంది భయపడతారు. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక ఉన్నవాటికి అభ్యంతరం లేదు. ఆదివాసీ పిల్లలకు వాళ్ల ఆచారం ప్రకారం పొడిపించుకున్న బొట్లకు మినహాయింపు ఉంది.

దారి ఎంచుకోవడం

పదకొండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తీసుకోండి. బయాలజీ కోసం మ్యాథ్స్ వదిలేస్తే ఎన్‌డీఏ ఎయిర్‌ఫోర్స్ దారి పోయినట్టే. ఎన్‌డీఏకి వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి. యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600 మార్కులు. 2022 నుంచి అమ్మాయిలూ ఎన్‌డీఏలో చేరుతున్నారు. డిగ్రీ తర్వాత అయితే ఎయిర్‌ఫోర్స్ పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష, యూపీఎస్‌సీ పెట్టే సీడీఎస్ పరీక్ష, ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ 'సి' సర్టిఫికెట్ దారులున్నాయి.

ఇంటర్‌కి పిల్లల్ని ప్రాణహిత దాటించి మంచిర్యాల, హైదరాబాద్ పంపేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. సంభాజీనగర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 1977 నుంచి సర్వీసెస్ ప్రిపరేటరీ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. పది పాసైన అబ్బాయిలను తీసుకుని పదకొండు, పన్నెండుతోపాటు ఎన్‌డీఏకి తయారుచేస్తారు. అమ్మాయిలకు నాశిక్‌లో అలాంటిదే ఉంది. రెండింటికీ మహారాష్ట్ర డొమిసైల్ (స్థానికత) కావాలి. ఇంకా చిన్నవాళ్లయితే చంద్రపూర్ సైనిక్ స్కూల్‌లో ఆరు, తొమ్మిది తరగతుల్లో చేరవచ్చు. ఇవి మన హక్కులు, వాడుకోండి.

ఇంటర్వ్యూ, పైలట్ టెస్ట్

రాతపరీక్ష పాసైతే మైసూరు, వారణాసి, గాంధీనగర్, డెహ్రాడూన్ వంటి చోట్ల సెలక్షన్ బోర్డుకి పిలుస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలు అక్కడి ఇంగ్లిష్‌కి బెదురుతారు. రోజూ ఒక వార్త చదివి దాన్ని ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పే అలవాటు చేసుకుంటే ఆ బెదురు పోతుంది.

బోర్డులోనే పైలట్ యోగ్యత చూసే సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. ఫెయిలైతే ఫ్లయింగ్ బ్రాంచి తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది. ఎత్తు చూపే ఆల్టిమీటర్, దిక్సూచి, వంపు చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ చూసి విమానం ఎటు వంగింది, ఎంత ఎత్తులో ఉంది చెప్పడం బాగా సాధన చేశాకే వెళ్లండి. ముందురోజు రాత్రి నిద్ర మానొద్దు.

మెడికల్‌కి వెళ్లేముందు

బోర్డు సిఫారసు చేసినవాళ్లను ఢిల్లీలోనో బెంగళూరులోనో ఎయిర్‌ఫోర్స్ వైద్య కేంద్రానికి పంపుతారు. ఈసీజీ, ఛాతీ, వెన్నెముక ఎక్స్‌రేలు, కడుపు స్కానింగ్, రక్తం, మూత్రం, చెవి, ముక్కు అన్నీ చూస్తారు. చెవిలో గులిమి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌తో తీయించుకోండి, ఇయర్ బడ్స్‌తో గెలకొద్దు. హెర్నియా, హైడ్రోసిల్, వేరికోసిల్ లాంటివి ఆపరేషన్‌తో పోతాయి, కానీ మానడానికి సమయం కావాలి కాబట్టి ముందుగానే చూపించుకోండి.

అన్‌ఫిట్ అన్నంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. కారణం రాసిన కాగితం జాగ్రత్తగా పెట్టుకుని, అందులోని గడువులోపు అప్పీల్ మెడికల్ బోర్డుకి దరఖాస్తు చేయండి. దాని పైన రివ్యూ బోర్డు కూడా ఉంది.

చివరగా కాగితాలు. మనవాళ్లకు మరాఠీ బడి టీసీలో ఇంటిపేరు ముందు, తండ్రి పేరు చివర ఉంటుంది. ఆధార్‌లో ఇంకోలా, పదో తరగతి మార్కుల మెమోలో మరోలా ఉంటుంది. పరీక్షకి అప్లై చేసేముందే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే మిగతావన్నీ మార్పించుకోండి. తాలూకా ఆఫీసులో, ఆధార్ సెంటర్లో ఈ పనులకు నెలలు పట్టవచ్చు.