పాత కంప్యూటర్, కొత్త ల్యాప్‌టాప్ – 3వ పాఠం: 32 కేబీలో తేలియా రుమాల్

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేసే ఉంటారు. బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్‌ని మన ల్యాప్‌టాప్‌లో అనుకరించే ప్రోగ్రాం, అంటే ఎమ్యులేటర్ తెరిచి, నాలుగు లైన్ల ప్రోగ్రాం కొట్టి, బ్రేక్ నొక్కి, పోయిందనుకున్న దాన్ని ఓల్డ్ అనే కమాండ్‌తో వెనక్కి తెచ్చుకోవడం. చాలామంది ఇబ్బంది పడింది ప్రోగ్రాం దగ్గర కాదు, కీబోర్డు దగ్గర. ముందు ఆ సంగతి తేల్చుకుని అసలు పాఠంలోకి పోదాం.

బీబీసీ మైక్రో మార్కెట్లోకి వచ్చింది 1981 చివర్లో. దాని కీబోర్డు మీద కొటేషన్ గుర్తు షిఫ్ట్‌తో 2 దగ్గర ఉంటుంది. చుక్క గుర్తు (*), అంటే గుణకారానికి వాడేది, షిఫ్ట్‌తో కోలన్ దగ్గర ఉంటుంది. మన ల్యాప్‌టాప్‌లో అవి వేరే చోట ఉన్నాయి. బ్రౌజర్‌లో నడిచే జేఎస్‌బీబ్ వాడుతున్నవాళ్లు సెట్టింగ్స్‌లో కీబోర్డు లేఅవుట్‌ని 'నేచురల్'కి మార్చండి. విండోస్‌లో బీబ్‌ఈఎం వాడేవాళ్లు కీబోర్డు మ్యాపింగ్‌లో 'లాజికల్' ఎంచుకోండి. ఇక మీ కీ మీద ఏ గుర్తు ఉంటే అదే తెర మీద పడుతుంది. బ్రేక్ అంటే రెండిట్లోనూ ఎఫ్12. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉండాలి. చిన్న అక్షరాల్లో కమాండ్ కొడితే ఈ యంత్రం 'మిస్టేక్' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు మిస్టేకో చెప్పదు.

ఎప్పటిలాగే కమాండ్లను నేను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టాలి. ఈసారి వచ్చే కొత్త పేర్లు: జీకాల్ (జి, సి, ఓ, ఎల్), హైమెమ్ (హెచ్, ఐ, ఎం, ఈ, ఎం), వీడీయూ (వి, డి, యు), ఏబీఎస్ (మైనస్ గుర్తు తీసేస్తుంది), మాడ్ (భాగిస్తే మిగిలే శేషం), డివ్ (భాగఫలం).

దేవరకొండ నుంచి ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న: "సార్, నా ల్యాప్‌టాప్ ఐ5. మరి ఇది ఇంత నెమ్మదిగా ఎందుకు గీస్తుంది?" ఎమ్యులేటర్ కావాలనే నెమ్మదిగా నడుస్తుంది. అసలు యంత్రంలో 6502 అనే ప్రాసెసర్ సెకనుకు 20 లక్షల టిక్కుల వేగంతో నడిచేది. ఎమ్యులేటర్ ఆ టిక్కులు లెక్కపెట్టుకుంటూ, నిజమైన గడియారం కంటే ముందుకు పోకుండా తనను తాను ఆపుకుంటుంది. అలా ఆపకపోతే ఆటలు కంటికి అందవు, సౌండ్ కీచుమంటుంది. బీబ్‌ఈఎంలో స్పీడ్ మెనూ ఉంది, వేగం పెంచుకోవచ్చు. కానీ ఈ పాఠం అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దని నా మాట. నెమ్మది కనిపిస్తేనే ఈ రోజు నేర్చుకునేది ఏమిటో తెలుస్తుంది.

ఇక మెమరీ. ఈ బీబీసీ మైక్రో మోడల్ బిలో ర్యామ్ మొత్తం 32 కేబీ. 1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ నేర్పే క్లాస్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు మన దేశంలోని బడులకు వచ్చినవి బీబీసీ మైక్రోలే. అప్పటి పిల్లలు ఆ కాస్త జాగాలోనే ప్రోగ్రాంలు రాశారు. మన ఫోన్‌లో ఒక ఫొటోకు పట్టే జాగాలో ఇలాంటివి పదుల యంత్రాల ర్యామ్ పడుతుంది. తెర మీద బొమ్మ కూడా ఆ 32 కేబీలోంచే జాగా తీసుకుంటుంది. వీడియోకు వేరే మెమరీ లేదు. ర్యామ్‌ను ప్రాసెసర్ ఒకసారి, తెర గీసే చిప్ ఒకసారి, వంతులవారీగా చదువుకుంటాయి. ర్యామ్ ప్రాసెసర్ కంటే రెట్టింపు వేగంతో నడుస్తుంది కాబట్టి ఎవరి వంతు వాళ్లకు దొరుకుతుంది.

చదివితే సరిపోదు, కొట్టి చూడండి. బ్రేక్ నొక్కి, న్యూ అని కొట్టాక:

ప్రింట్ హైమెమ్-పేజ్

25344 వస్తుంది. పేజ్ అంటే మీ ప్రోగ్రాం మొదలయ్యే చోటు, హైమెమ్ అంటే దాని పైహద్దు. మీ ప్రోగ్రాంకూ దాని లెక్కలకూ మిగిలిన బైట్లు ఇవి. మొదలయ్యేటప్పుడు యంత్రం మోడ్ 7లో ఉంటుంది. అది అక్షరాల తెర, 40 అక్షరాల వరుసలు 25, కాబట్టి 1 కేబీ చాలు. డిస్క్ సిస్టం తన పనికి అడుగున కొంత తీసుకుంటుంది. అందుకే పేజ్ 6400 దగ్గర మొదలవుతుంది. ఇప్పుడు మోడ్ 2 అని కొట్టి, మళ్లీ అదే లెక్క అడగండి. 5888! మోడ్ 2లో 16 రంగులు చెప్పుకోవచ్చు (అందులో ఎనిమిది మిణుకుమనేవి). కానీ ప్రతి చుక్కకూ నాలుగు బిట్లు కావాలి. 160 చుక్కల వెడల్పు, 256 వరుసలు, నాలుగు బిట్లు. లెక్క కట్టండి, 20480 బైట్లు. సగం కంటే ఎక్కువ ఇల్లు బొమ్మే ఆక్రమించింది.

ఆ ఇరుకు ఎట్లా ఉంటుందో చూడాలంటే మోడ్ 2లోనే ఇది కొట్టండి:

డిమ్ ఏ%(2000)

డిమ్ అంటే అంకెల వరుసకు, అంటే అర్రేకు, జాగా కేటాయించమని. 'డిమ్ స్పేస్' అని ఎర్రర్ వస్తుంది. ఒక్కో పూర్ణాంకానికి నాలుగు బైట్లు, 2001 అంకెలకు 8004 బైట్లు. ఉన్నది 5888. ఇప్పుడు మోడ్ 5కి వెళ్లి, న్యూ కొట్టి, అదే లైన్ కొట్టండి. ఏ ఎర్రరూ రాదు. మోడ్ 5లో తెర అంతే, 160 చుక్కలు, 256 వరుసలు. కానీ రంగులు నాలుగే, చుక్కకు రెండు బిట్లు, మొత్తం 10 కేబీ. మీకు 16128 బైట్లు మిగులుతాయి. ఆ అర్రే అట్లాగే ఉండగా మళ్లీ మోడ్ 2 అని కొడితే 'బ్యాడ్ మోడ్' అంటుంది. అంకెలు ఉన్న చోట బొమ్మకు జాగా లేదని దానర్థం. ఈ రెండు ఎర్రర్లు ముందు ముందు మీకు చాలాసార్లు ఎదురవుతాయి.

అంటే ప్రోగ్రాం మొదలుపెట్టే ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటే: నాకు నిజంగా ఎన్ని రంగులు కావాలి?

దీనికి మన పాత నల్గొండ జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. పుట్టపాక తేలియా రుమాల్, అంటే ఇక్కత్ చదరపు గుడ్డ, చూశారుగా. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. పోచంపల్లి, గట్టుప్పల్, పుట్టపాక వైపు ఇక్కత్ డిజైన్‌ని ముందు గ్రాఫ్ కాగితం మీద గడులుగా గీసుకుంటారు. ఆ గడుల ప్రకారం నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కాక కొత్త రంగు కలపడం కుదరదు, ఎన్ని రంగులన్నది ముందే తేలిపోవాలి. ఇక్కత్ డిజైనర్‌కి మోడ్ 5 చూపిస్తే ఐదు నిమిషాల్లో పట్టేస్తాడని నా నమ్మకం. మూడు రంగుల రుమాల్‌కి 16 రంగుల మోడ్ ఎందుకు?

ముందు గడి గడికీ చుక్క పెట్టే పద్ధతి. న్యూ కొట్టి మొదలుపెట్టండి:

10 మోడ్ 5
20 ఫర్ వై%=0 టు 1023 స్టెప్ 4
30 ఫర్ ఎక్స్%=0 టు 1279 స్టెప్ 8
40 డి%=ఏబీఎస్(ఎక్స్% మాడ్ 256-128)+ఏబీఎస్(వై% మాడ్ 256-128)
50 జీకాల్ 0,(డి% డివ్ 32) మాడ్ 3
60 ప్లాట్ 69,ఎక్స్%,వై%
70 నెక్స్ట్
80 నెక్స్ట్

ఏ మోడ్‌లో ఉన్నా ఈ యంత్రం తెరను అడ్డంగా 1280, నిలువుగా 1024 కొలతలుగానే లెక్కిస్తుంది. కింద ఎడమ మూల సున్న, సున్న. 160 చుక్కలకు 1280 కొలతలంటే చుక్కకు 8. 256 వరుసలకు 1024 అంటే వరుసకు 4. అందుకే స్టెప్ 8, స్టెప్ 4. 40వ లైన్ ప్రతి 256 కొలతల గడిలో మధ్య నుంచి ఎంత దూరమో చెబుతుంది. అడ్డం దూరం, నిలువు దూరం కలిపితే డైమండ్ ఆకారం వస్తుంది. జీకాల్ గీసే రంగును ఎంచుతుంది, ప్లాట్ 69 అంటే చుక్క.

రన్ కొట్టి, పోయి చాయ్ తాగి రండి. మొత్తం 40960 చుక్కలు. ప్రతి చుక్కకూ బేసిక్ ఇంటర్‌ప్రిటర్ (మన లైన్లను ఒక్కొక్కటిగా చదివి నడిపేది) నాలుగు లైన్లు చదువుకోవాలి. పేర్ల చివర శాతం గుర్తు అందుకే పెట్టించాను. ఆ గుర్తుంటే పూర్ణాంకం, లేకపోతే దశాంశాల లెక్క, ఇంకా నెమ్మది. నమ్మకం లేకపోతే శాతం గుర్తులన్నీ తీసేసి మళ్లీ నడపండి.

ఇప్పుడు అలాంటి డిజైనే, తెలివిగా. చుక్కలకు బదులు త్రికోణాలు నింపుదాం. ప్లాట్ 85 అంటే, మీరు చివరగా వెళ్లిన రెండు బిందువులతో కలిపి త్రికోణం నింపమని. ఆ నింపే పని బేసిక్‌లో కాదు, మెషిన్ కోడ్‌లో రాసిన ఆపరేటింగ్ సిస్టం చేస్తుంది. వేగమంతా అక్కడే.

10 మోడ్ 5
20 వీడీయూ 19,2,7,0,0,0
30 ఫర్ వై%=128 టు 1023 స్టెప్ 256
40 ఫర్ ఎక్స్%=128 టు 1279 స్టెప్ 256
50 ఫర్ సి%=1 టు 7
60 ఆర్%=128-సి%*16
70 జీకాల్ 0,సి% మాడ్ 3
80 మూవ్ ఎక్స్%-ఆర్%,వై%
90 మూవ్ ఎక్స్%,వై%+ఆర్%
100 ప్లాట్ 85,ఎక్స్%,వై%-ఆర్%
110 ప్లాట్ 85,ఎక్స్%+ఆర్%,వై%
120 నెక్స్ట్:నెక్స్ట్:నెక్స్ట్
130 జెడ్%=గెట్

పెద్ద డైమండ్ మీద దానికంటే చిన్నది, దాని మీద ఇంకా చిన్నది. ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోతుంది. అడ్డంగా ఐదు, నిలువుగా నాలుగు, మొత్తం ఇరవై. ఎడమ సగం 100వ లైన్, కుడి సగం 110వ లైన్. చివరి లైన్ ఏదో ఒక కీ నొక్కేదాకా ఆగుతుంది. లేకపోతే ప్రాంప్ట్ గుర్తు వచ్చి రుమాల్ మూలన కూర్చుంటుంది.

20వ లైన్ దగ్గర కాస్త ఆగుదాం. మోడ్ 5లో మామూలుగా రంగు 0 నలుపు, 1 ఎరుపు, 2 పసుపు, 3 తెలుపు. మన లెక్కకు 0, 1, 2 వరుసగా వస్తే సులువు, కానీ పసుపు వద్దు. వీడీయూ 19 రంగు నంబరుకూ అసలు రంగుకూ ఉన్న ముడిని మారుస్తుంది. 2వ నంబరుకు 7, అంటే తెలుపు, కట్టమని చెప్పాం. బొమ్మ గీసిన తర్వాత కూడా ఇది పని చేస్తుంది. ప్రోగ్రాం ఆగాక ఇది కొట్టండి:

వీడీయూ 19,1,4,0,0,0

ఎరుపంతా ఒక్కసారిగా నీలమైంది, ఒక్క చుక్క కూడా మళ్లీ గీయకుండా. మెమరీలో ఉన్నవి రంగులు కావు, నంబర్లు. తెర గీసే చిప్ ఆ నంబరు చూసి రంగు వేస్తుంది. అప్పటి ఆటల్లో నీళ్లు పారినట్టు, దీపాలు వెలిగినట్టు కనిపించేవన్నీ ఎక్కువగా ఈ కిటుకే. మోడ్ మార్చగానే పాత రంగులు తిరిగి వస్తాయి.

లిస్ట్ చూడాలంటే ముందు మోడ్ 7కి వెళ్లండి. మోడ్ 5లో వరుసకు 20 అక్షరాలే. కళ్లు లాగుతాయి.

ఇక దాచుకోవడం. బ్రౌజర్‌లో ట్యాబ్ మూస్తే డిస్క్ మీద రాసినదంతా పోతుంది కాబట్టి, సేవ్ చేశాక డిస్క్ ఇమేజ్‌ని మీ ల్యాప్‌టాప్‌కి డౌన్‌లోడ్ చేసుకోవాలి. బీబ్‌ఈఎంలో ఫైల్ మెనూలో కొత్త డిస్క్ చేసుకోండి, ఎస్ఎస్‌డీ రకం. ఇక్కడ ఎస్ఎస్‌డీ అంటే ఒక వైపే రాసే ఫ్లాపీ, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది కాదు. 80 ట్రాకులు, ట్రాకుకు 10 సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు. మొత్తం 200 కేబీ, 31 ఫైళ్లకు మించి పట్టవు. 'డిస్క్ రీడ్ ఓన్లీ' అని వస్తే కంగారు వద్దు, మెనూలో రైట్ ప్రొటెక్ట్ టిక్కు తీసేయండి.

సేవ్ "తేలియా" అని కొట్టండి, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఏడుకు మించకూడదు. అదే పేరుతో పాత ఫైల్ ఉంటే అడగకుండా దాని మీద రాసేస్తుంది, జాగ్రత్త. ఏమేం ఉన్నాయో చూడాలంటే చుక్క గుర్తు పెట్టి క్యాట్.

డిస్క్ పెట్టగానే రుమాల్ దానంతటదే రావాలంటే ఇంకో మూడు మెట్లు. చుక్క గుర్తుతో బిల్డ్, ఖాళీ, ఆశ్చర్యార్థకం, బూట్ అని కొడితే లైన్ నంబరు వస్తుంది. అక్కడ చైన్ "తేలియా" కొట్టి ఎంటర్ నొక్కి, తర్వాత ఎస్కేప్. ఆ పైన చుక్క గుర్తుతో ఆప్ట్ (ఓ, పి, టి) 4,3. ఇప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఎఫ్12 నొక్కి వదలండి.

వచ్చే పాఠానికి పని. నల్గొండ వైపు వాళ్లు ఇదే ప్రోగ్రాంకి నాలుగు వైపులా ఎర్ర అంచు చేర్చండి. డైమండ్లు అంచులోకి చొచ్చుకుపోకూడదు, కాబట్టి 30, 40 లైన్లలో హద్దులు మార్చాలి. పాలమూరు వాళ్లు నారాయణపేట చీర గళ్లు, దాని కింద గోపురం మొనల అంచు వేయండి. గళ్లకు మూవ్, డ్రా చాలు. మొనలకు ప్లాట్ 85. రెండు రంగులే కాబట్టి మోడ్ 4 సరిపోతుంది. అది కూడా 10 కేబీయే, కానీ అడ్డంగా 320 చుక్కలు, గీతలు సన్నగా వస్తాయి. నేల రంగు మార్చడానికి వీడీయూ 19,0 తర్వాత మీకు కావలసిన రంగు నంబరు, ఆపైన మూడు సున్నాలు. ఎవరిది తక్కువ బైట్లలో అయితే వాళ్లదే మొదట చూద్దాం. ప్రోగ్రాం ఎన్ని బైట్లో తెలియడానికి: ప్రింట్ టాప్-పేజ్.