మన దేహ వ్యవస్థలు – 6వ పాఠం: వడపోతకు మంచీ చెడూ తెలియవు

మూత్రపిండం నుంచి తిరిగి వెళ్లే సిరలోని రక్తంలో యూరియా (ప్రోటీన్ల వాడకంలో మిగిలే వ్యర్థం) ఎంత ఉంటుందని గత పాఠం చివర అడిగాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువమంది అసలు ఉండదని రాశారు. ఊపిరితిత్తుల పాఠంలోనూ ఇదే ధోరణి కనిపించింది. వదిలే గాలి అంతా కార్బన్ డయాక్సైడేనని చాలామంది అనుకున్నారు కాని, అందులో ఆక్సిజన్ సుమారు 16 శాతం ఉండగా, కార్బన్ డయాక్సైడ్ 4 శాతమే ఉంటుంది. అందువల్ల ఈసారి చెప్పవలసిన హెన్లీ శిక్యాన్ని (మూత్రం తయారయ్యే నాళికలోని U ఆకారపు వంపును) వాయిదా వేసి, వడపోత దగ్గరే ఆగుతున్నాను. మూత్రపిండాల ఆకారం, స్థానం, మూత్రాశయం వగైరా పదో తరగతి పుస్తకంలో బొమ్మతో సహా ఉన్నాయి కనుక వాటి జోలికి పోవడం లేదు.

'మూత్రపిండం రక్తంలోని చెడును ఏరి పారేస్తుంది' అనే వాక్యమే ఈ చిక్కుకు మూలం. అది కనబడితే నాకు చిరాకు. మూత్రపిండంలోని అతిచిన్న వడపోత యూనిట్ అయిన నెఫ్రాన్ మొదట్లో ఉండే రక్తకేశనాళికా గుచ్ఛం (సన్నని రక్తనాళాల కుచ్చు) చూసేది ముఖ్యంగా పరిమాణాన్ని, కొంతవరకు విద్యుదావేశాన్ని మాత్రమే. రక్తకణాలు, ఆల్బుమిన్ వంటి పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే నిలిచిపోతాయి. నీరు, సోడియం, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, యూరియా కలగలిసి, ఆ గుచ్ఛాన్ని చుట్టి ఉండే గిన్నెలాంటి బౌమన్ గుళికలోకి, అక్కడి నుంచి దాని వెంటే ఉన్న సన్నని గొట్టమైన నాళికలోకి దిగిపోతాయి. భోగికి ముందు ఇల్లు దులిపేవారు సామానంతా వాకిట్లో పెట్టి, కావలసినవే తిరిగి లోపలికి చేర్చుకున్నట్లు, ఎంపిక జరిగేది ఆ తరువాత, నాళికలో. నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 180 లీటర్లు వడకట్టబడితే, మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర మాత్రమే. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు దాదాపు పూర్తిగా సమీపస్థ సంవళిత నాళంలోనే (నాళికలోని మెలికల మొదటి భాగంలోనే) రక్తంలోకి తిరిగి చేరతాయి. యూరియా కూడా సగం దాకా వెనక్కి వస్తుందన్న సంగతిని చాలామంది గమనించరు.

ఇప్పుడు గత ప్రశ్నకు జవాబు. మూత్రపిండంలోకి వచ్చిన ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) ఒక విడతకు వడకట్టబడేది అయిదో వంతే. మిగిలినది యూరియాతో సహా, గుచ్ఛం నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే అపవాహి ధమనికలోకి సాగిపోతుంది. వడకట్టబడిన యూరియాలోనూ సగం తిరిగి వస్తుంది కనుక, సిరలోని రక్తంలో యూరియా సుమారు పదో వంతు మాత్రమే తగ్గుతుంది.

ఇంత చాకిరీ దండగ కాదు. కొత్తగా ఒంట్లో చేరిన చిన్న అణువు దేహానికి మునుపెన్నడూ పరిచయం లేనిదైనా, దాన్ని గుర్తుపట్టి పట్టుకోవలసిన పని లేదు. నాళిక గోడలో దాన్ని రక్తంలోకి వెనక్కి చేర్చే వాహకం (మోసుకెళ్లే ప్రోటీన్) లేకపోతే, గోడ గుండా తనంతట తాను జారిపోగల స్వభావం దానికి లేకపోతే, అది మూత్రంలోకే పోతుంది.

అభ్యాసానికి ముందు నేను వాడే చిట్కా: డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇచ్చిన రక్తపు చక్కెర అంకెను ఒకటింబావుతో హెచ్చిస్తే, నిమిషానికి ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజ్ నాళికలోకి దిగుతున్నదో తెలుస్తుంది. చక్కెర 100 ఉంటే 125 అన్నమాట.

అభ్యాసం: నాళికలన్నీ కలిసి నిమిషానికి గరిష్ఠంగా 375 మిల్లీగ్రాముల గ్లూకోజ్‌ను వెనక్కి చేర్చగలవనుకోండి. చక్కెర 400 ఉన్న వ్యక్తి మూత్రంలో నిమిషానికి ఎంత గ్లూకోజ్ పోతుంది? లెక్క ప్రకారం చక్కెర 300 దాటితేనే గ్లూకోజ్ మూత్రంలో కనబడాలి; వాస్తవంలో 180 ప్రాంతంలోనే ఎందుకు కనబడుతుంది? ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయని, అవన్నీ ఒకే సామర్థ్యం గలవి కావని దృష్టిలో ఉంచుకొని రెండో ప్రశ్నకు జవాబు రాయండి.