రెండు రోజులు ఆపితే కారు స్టార్ట్ కావట్లేదా? బ్యాటరీ కొనే ముందు ఇది చదవండి

మాది 2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు, ఒంగోలులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆఫీసుకి బైక్ మీదే వెళ్తాను కాబట్టి కారు శనివారం కందుకూరు పోవడానికే బయటికి తీస్తాం. దసరా దాటాక మొదలైంది గొడవ. శనివారం పొద్దున తాళం తిప్పితే డాష్‌బోర్డు లైట్లు మసగ్గా వెలిగి ఆరిపోతాయి, సెల్ఫ్ దగ్గర ‘టక్’ మని ఒక్క చప్పుడు, అంతే. పక్కింటాయన కారు తెచ్చి కేబుల్స్ తగిలించి స్టార్ట్ చేస్తే ఇక ఆ రెండు రోజులూ ఏ ఇబ్బందీ ఉండదు, పెట్రోల్ బంకులో ఆపి తీసినా ఒక్క తిప్పుకే లేస్తుంది. మళ్లీ వారానికి మామూలే.

పాత బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. షాపులో అడిగితే అయిపోయింది మార్చేయమన్నారు, ఏ మీటరూ పెట్టకుండానే నేనూ సరేనన్నాను. కొత్తది వేయించిన తర్వాత వచ్చిన శనివారం కూడా అదే ‘టక్’. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టయింది నా పని.

తప్పు బ్యాటరీదా, బండిదా?

ముందు తేలాల్సింది ఇదే. దీనికి పదో నంబర్ స్పానర్, చిన్న డిజిటల్ మల్టీమీటర్ చాలు. బ్యాటరీని షాపులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టించి తెచ్చుకోండి. కాసేపు ఊరికే ఉంచి కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 అంటే సగం ఖాళీ, 11.9కి దిగిందంటే దాదాపు ఏమీ లేనట్టే. ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి మళ్లీ కొలవండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో ఛార్జింగ్ ఇస్తున్నట్టు. ఇంజిన్ తిరుగుతున్నా 12 దగ్గరే నిలబడితే మీ గొడవ వేరు, డైనమో బెల్టు వదులైందా, కటౌట్ (ఛార్జింగ్ వోల్టుల్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్) పోయిందా చూపించుకోండి, ఇక్కడి నుంచి చదవక్కర్లేదు.

ఛార్జింగ్ బాగుంటే నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, ఎన్ని రోజులకి బండి పడుకుంటోందో అన్ని రోజులు అలాగే వదిలేయండి. మళ్లీ తగిలించి తాళం తిప్పితే టక్కున లేచిందనుకోండి, బ్యాటరీ మంచిదే, బండిలో ఏదో కరెంటు తాగేస్తోంది. టెర్మినల్ ఊడదీసినా దిగిపోతే బ్యాటరీయే పోయినట్టు. మన రోహిణి కార్తె ఎండలకి బ్యాటరీ నాలుగేళ్లు రావడమే గొప్ప, కాబట్టి షాపువాళ్లు చెప్పింది ప్రతిసారీ అబద్ధం కాదు. నా బండి మాత్రం ఐదు రోజుల తర్వాత కూడా ఒక్క తిప్పుకే లేచింది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. మీటర్ నల్ల వైరు నెగటివ్ మీద ఉంచి, ఎర్ర వైరు మొనని బ్యాటరీ పైన ప్లాస్టిక్ మూత మీద అలా తాకిస్తూ జరపండి. వోల్టులు చూపిస్తే అక్కడ పేరుకున్న మురికీ తడీ ఆసిడ్ తేమా కలిసి కరెంటుని నడిపిస్తున్నాయని అర్థం. కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి ఊరికే పూస్తుంది. టెర్మినళ్లు తీసి, వేడినీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించి కాస్త వాజలైన్ పూస్తే సరి. ఆ నీళ్లు సెల్స్‌లోకి పోకుండా మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఎంత పోతోంది?

తాళం తీసేయండి, బానెట్ ఎత్తండి, తలుపులన్నీ వేసేయండి. ఫ్యూజుల కోసం డ్రైవర్ తలుపు తీసి ఉంచాల్సి వస్తే ఆ తలుపు స్విచ్‌ని టేపుతో నొక్కిపెట్టండి, లేకపోతే లోపలి లైటు వెలిగి అదే లెక్కలోకొస్తుంది. మీటర్‌లో ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, ఆ కేబుల్‌కీ బ్యాటరీ పోస్ట్‌కీ (కేబుల్ తగిలించే సీసపు మొన) మధ్యలో మీటర్ పెట్టాలి. అంటే బండి తాగే కరెంటంతా మీటర్ గుండానే పోవాలి. ఈ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, సెల్ఫ్ లాగేది వంద ఆంపియర్ల పైమాటే, మీటర్‌లో ఫ్యూజు ఎగిరిపోతుంది. పని అయ్యాక ఎర్ర వైరు మళ్లీ వోల్టుల రంధ్రంలో పెట్టడం మర్చిపోవద్దు. నేను మర్చిపోయి బ్యాటరీ వోల్టులు చూడబోయాను, నిప్పురవ్వ లేచి మీటర్ ఫ్యూజు పోయింది.

తగిలించగానే అంకె ఎక్కువ చూపిస్తుంది, కంగారు పడకుండా అరగంట ఆగండి. పాత కార్లలో 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే, గడియారానికీ స్టీరియో మెమరీకీ ఇంజిన్ కంప్యూటర్‌కీ ఆ మాత్రం కావాలి. నాకు 610 చూపించింది. రోజుకి దాదాపు 14.6 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ గంటసేపు పోతే ఒక ఆంపియర్ అవర్). చిన్న కారు బ్యాటరీ మొత్తం 35. ఆదివారం రాత్రి ఆపితే బుధవారానికే ఖాళీ, ఇక శనివారం ఎలా లేస్తుంది!

ఎవరు తాగుతున్నారు?

మీటర్ అలాగే ఉంచి ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోవాలి, ఏది పీకితే అంకె ఢామ్మని పడిందో దొంగ ఆ లైన్లో ఉన్నట్టు. పీకే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఎక్కువగా దొరికేవి డిక్కీ లైటు, గ్లవ్ బాక్స్ లైటు, అంటుకుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), తర్వాత పెట్టించిన సెంట్రల్ లాకింగ్, జీపీఎస్ ట్రాకర్. డిక్కీ లైటు అనుమానముంటే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూత వేయండి, వెలుగుతోందో ఆరుతోందో అదే చెప్తుంది. 5 వాట్ల బల్బే కదా అనుకోకండి, అది ఒక్కటే 400 మిల్లీ ఆంపియర్లకి పైగా లాగుతుంది.

నా దగ్గర మాత్రం అన్ని ఫ్యూజులూ పీకేసినా 580 అలాగే ఉంది. అప్పుడు కాస్త టెన్షన్ వచ్చిన మాట నిజం. అన్నీ విప్పి కూర్చుని కందుకూరులో కార్ల వైరింగ్ పని చేసే మా బామ్మర్దికి ఫోన్ చేశాను. “ఏంది బావా, బ్యాటరీ కొనేదానికి ముందు అడగొచ్చు గదా” అని, “ఫ్యూజుల సంగతి అట్టుంచు, దసరాకి ముందు బండికి ఏం చేయించావో అది చెప్పు” అన్నాడు. ఆలోచిస్తే ఒకటే, పాత స్టీరియో పాడైతే వేరేది పెట్టించాను. నాకది పనే అనిపించలేదు అంతవరకూ.

ఫ్యూజు పెట్టె గుండా పోనివి కొన్ని ఉంటాయి, వాటిలో ముఖ్యమైనవి డైనమో, సెల్ఫ్ మోటారు, ఎవరో తర్వాత బ్యాటరీ పోస్ట్ మీద నేరుగా బిగించిన వైర్లు. డైనమోలో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పోతే ఇంజిన్ ఆపాక కూడా కరెంటు వెనక్కి దానిలోకి పోతుంది, గంటల తరబడి ఆగిన బండిలో డైనమో వెచ్చగా తగిలితే అది ఒక గుర్తు. దాన్ని చూడాలంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, డైనమో వెనక లావు వైరు విప్పి, దాని చివరకి టేపు చుట్టి, మళ్లీ మీటర్ తగిలించాలి. అంకె పడితే డైనమో రిపేరుకి ఇవ్వండి. నాకు పడలేదు.

పాజిటివ్ టెర్మినల్ దగ్గర చూస్తే అసలు కేబుల్‌తో పాటు వేలెడు లావు ఎర్ర వైరు ఒకటి కార్పెట్ కిందకి పోతోంది. పాత ఓనర్ పెట్టించిన ఆంప్లిఫయర్‌ది, పక్క సీటు కింద. అప్పటికి బండి ఆపి రాత్రంతా అయింది, పొద్దుటి చలికి డోర్ హ్యాండిల్ చల్లగా ఉంది, సీటు కింద చెయ్యి పెడితే ఆంప్లిఫయర్ మాత్రం అప్పుడే టీ పోసిన గ్లాసులా వెచ్చగా తగిలింది. వంగి చూస్తే మూలన చిన్న ఎర్రలైటు కూడా. పాట లేదు, తాళం లేదు, అది మాత్రం మేలుకునే ఉంది.

స్టీరియో వైర్లలో మామూలుగా పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే లైను, ఎర్రది తాళం తిప్పితేనే వస్తుంది, నీలం మీద తెల్లగీత ఉన్నది ఆంప్లిఫయర్‌కి ‘లే’ అని చెప్పే వైరు. కొత్త సెట్టు పెట్టినతను ఆంప్లిఫయర్ నుంచొచ్చే ఆ నీలం వైరుని సెట్టు నీలం వైరుకి కాకుండా పసుపుతో కలిపి మెలిపెట్టాడు. స్టీరియో ఫ్యూజు పీకినా ఎందుకు ఆగలేదంటారా? ఆ పసుపు లైను కూడా సీటు కింద ఆ లావు వైరు నుంచే తీసుకొచ్చాడు. పనితనం!

బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆ ముడి విప్పి, నీలాన్ని నీలానికి కలిపి, పసుపుని స్టీరియో ఫ్యూజు ఉన్న లైనుకి మార్చాం. మీటర్ 30 దగ్గర ఆగింది. లావు వైరుకి బ్యాటరీ దగ్గర్లో ఫ్యూజు లేదు, అదీ వేయించాను, కార్పెట్ కింద ఆ వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ దిగడం కాదు, బండే అంటుకుంటుంది.

దొంగ దొరికాక కూడా బ్యాటరీని వెంటనే నమ్మకండి. పూర్తిగా దిగిన బ్యాటరీ పావుగంట తిప్పితే నిండదు, 35 ఆంపియర్ అవర్ల దానికి మూడు, మూడున్నర ఆంపియర్ల ఛార్జర్ మీద రాత్రంతా ఉంచాలి. రెండు మూడుసార్లు అలా అడుగంటితే కొత్తదైనా దెబ్బతింటుంది. నాది నాలుగు రోజులు ఆపి కొలిచాను, మొదట 12.65, నాలుగో రోజు 12.58. శనివారం తాళం తిప్పగానే లేచింది. కందుకూరు దాకా మా ఆవిడ అడిగింది ఒకటే, మరి ఆ పాత బ్యాటరీ బాగానే ఉందేమో, దాన్నెందుకు ఇచ్చేశావు అని.