పసిబిడ్డతో, పెంపుడు కుక్కతో తిరుపతి నుంచి ఢిల్లీకి కాపురం మార్చడం

తిరుపతి నుంచి ఢిల్లీకి కాపురం మార్చేవారు ముహూర్తంతో పాటు వాతావరణాన్నీ చూసుకోవాలి. అక్కడి జనవరి చలి, మే నెల వడగాడ్పు రెండూ పసిబిడ్డకు కష్టమే కనుక ఫిబ్రవరి నెలాఖరు మేలు.

ఎక్కువ ముందుచూపు కావలసింది కుక్క విషయంలోనే. రైలులో దానిని మన దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గాని, నాలుగు బెర్తుల క్యాబిన్ గాని పూర్తిగా మన పేరనే ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ బోగీలలోకి అనుమతించరు. ఫస్ట్ ఏసీలో అలా దొరకకపోతే మిగిలేది గార్డు బోగీలోని కుక్కల గూడు. ఎండాకాలంలో దానికి నేనైతే ఒప్పుకోను. రేబిస్ టీకా కార్డు, బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం తీసుకుని, స్టేషనులోని పార్సిల్ కార్యాలయంలో రుసుము చెల్లించి రసీదు పొందాలి.

ఐదేళ్లలోపు బిడ్డకు విడిగా బెర్తు కోరకపోతే టికెట్ అక్కరలేదు. 6, 10, 14 వారాల టీకాలలో ఏదైనా దగ్గరపడితే, వేయించిన రోజే రైలెక్కవద్దు. ఆ రాత్రి జ్వరం రావచ్చు. ఆరు నెలలు నిండని బిడ్డకు దారిలోనూ తల్లిపాలే చాలు. సామాన్ల లారీ మనకంటే కొన్ని రోజులు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి టీకా కార్డు, రెండు గిన్నెలు, ఉయ్యాలకు కట్టే పాత చీర, కుక్క పడుకునే గుడ్డ (దాని వాసన పోకుండా, ఉతకకుండానే) చేతి సంచిలో పెట్టుకోవాలి.