కత్తిరి ఎండలు రాకముందే పాత కారు ఎగ్జాస్ట్ ఓసారి కింద నుంచి చూడండి

చెన్నైలో కత్తిరి వెయిల్ అంటారు, మనకైతే కృత్తిక, రోహిణి కార్తెలు. రోళ్ళు పగిలే ఆ ఎండల్లో పిల్లల్ని తీసుకుని నెల్లూరో తిరుపతో పాత కార్లో బయల్దేరే ఆలోచన ఉంటే ఏప్రిల్‌లోనే కారు లిఫ్ట్ ఎక్కించి ఎగ్జాస్ట్ లైను, అంటే ఇంజను నుంచి సైలెన్సర్ దాకా పొగ పోయే గొట్టం మొత్తం చూడండి. చాలామంది సైలెన్సర్ డబడబలాడితే తప్ప షెడ్డుకి వెళ్ళరు, సౌండు తగ్గగానే డబ్బులిచ్చి వచ్చేస్తారు. సౌండుదేముంది, చుట్టుపక్కల వాళ్ళు నాలుగు తిట్టుకుంటారు, అంతే. కారుని తినేసేది వేడి.

పెట్రోలు కారులో పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా, క్యాట్‌కాన్ (క్యాటలిటిక్ కన్వర్టర్), మామూలుగా పనిచేసేటప్పుడే 400 నుంచి 800 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దానికి కాస్త ఎడంగానే గేరు కేబులు, బ్రేకు పైపులు, పెట్రోలు లైను, సెన్సర్ వైర్లు, యాక్సిల్ రబ్బరు బూటు, ఆ పైన మీ కాళ్ళ కింద కార్పెట్ ఉంటాయి. బండి పరుగెడుతున్నంతసేపూ కింద గాలి ఆడుతుంది కాబట్టి నెట్టుకొస్తాయి. కత్తిపారా దగ్గరో జీఎస్టీ రోడ్డు మీదో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడిపోతే ఆ గాలీ ఉండదు.

వీటన్నిటినీ కాపాడేది హీట్ షీల్డ్ అనే పల్చటి రేకు. బోల్టు దగ్గర తుప్పు పట్టి చిరిగితే కారు నిలబడి ఉన్నప్పుడు గలగలమంటుంది. షెడ్డులో ఏం చేస్తారో తెలుసు కదా, ఒక్క గుంజు గుంజి పీకి పక్కన పడేసి "ఇదెల్లాం వేండాం సార్" (ఇవన్నీ వద్దు సార్) అంటారు. నిజంగానే గలగల పోతుంది, మనమూ సంతోషిస్తాం. కొన్ని నెలలకి వైర్ల మీది నల్ల ప్లాస్టిక్ గొట్టం చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది, అప్పుడు ఎలక్ట్రీషియన్ చుట్టూ తిరగడం మొదలు. కాబట్టి "అన్నా, రేకు తీయొద్దు, బోల్టు రంధ్రం చిరిగిందంటే పెద్ద వాషర్ వేసి బిగించు" అని గట్టిగా చెప్పండి. మరీ కుళ్ళిపోతే పాత కార్ల సామాన్లు అమ్మే పుదుపేటలో మీ మోడల్‌ది పాతది దొరకొచ్చు, లేదా అల్యూమినియం రేకు కోయించి వేయించుకోవచ్చు. ఎలా చేసినా ఎగ్జాస్ట్ గొట్టానికీ రేకుకీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, వేడిని ఆపేది ఆ సందులో గాలే. రేకు గొట్టానికి ఆనిందంటే అదీ కాలుతుంది.

గొట్టానికి గుడ్డలా చుట్టే హీట్ ర్యాప్ వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది గానీ మన ఉక్కపోతకి, అందులోనూ తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ లాంటి ఉప్పుగాలి చోట్ల, నాకైతే అది తెలివైన పని అనిపించదు. తడి పీల్చుకుని లోపల గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. ఆ డబ్బుతో వైర్లకీ పైపులకీ వేడి తట్టుకునే తొడుగులు వేయించండి. మెరిసే అల్యూమినియం షీటు అంటించినా వేడి తగిలే వస్తువుకే, గొట్టానికి కాదు. సైలెన్సర్ దగ్గర వైర్లని నైలాన్ టైలతో కట్టనివ్వకండి, కరిగి ఊడి వైరు నేరుగా గొట్టం మీద పడుతుంది. స్టీలు టైలు దొరుకుతాయి.

ఇంతకీ వేడి ఎందుకు పెరిగిందో చూడకుండా రేకులు వేసుకుంటూ పోతే లాభం లేదు. ఒక స్పార్క్ ప్లగ్గు సరిగ్గా కాల్చకపోతే కాలని పెట్రోలు క్యాట్‌కాన్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఎర్రగా కాలిపోయేంత. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి పోయి, పెట్రోలు తక్కువైందని ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) పొరబడి ఇంకా పోస్తుంది, మళ్ళీ అదే వేడి. కాబట్టి ముందు ప్లగ్గులు, తర్వాత లీకులు, ఆ తర్వాతే రేకు. పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని, వేడెక్కాక తగ్గిపోతే మానిఫోల్డ్ (ఇంజనుకి ఆనుకుని ఉండే మొదటి గొట్టం) ప్యాకింగ్ మీద అనుమానపడాలి. మిగతా అతుకుల దగ్గర ఇంజను చల్లగా ఉన్నప్పుడే సబ్బునీళ్ళు కొట్టి స్టార్ట్ చేస్తే బుడగలు వస్తాయి. ఇది ఆరుబయటే చేయండి, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో వద్దు.

ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. లీకున్న కారులో అది ఫ్లోరు తుప్పు రంధ్రాల్లోంచి, డిక్కీ రబ్బరు సందుల్లోంచి లోపలికి వస్తుంది. సెంట్రల్ దగ్గర రైలు కోసమో ఆసుపత్రి బయటో ఏసీ వేసుకుని అద్దాలు బిగించి కునుకు తీసే అలవాటుంటే ఆ కారులో మానేయండి. ప్రయాణంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే ఎండదెబ్బ అనుకోకుండా బండి ఆపి అందరినీ బయటికి దించండి.

ఇక రిపేరు రోజు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి, లేకపోతే ఈసీయూ, ఆల్టర్నేటర్ రెండూ ప్రమాదంలో పడతాయి. వెనక సైలెన్సర్ పెట్రోలు ట్యాంకుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడే కింద పడుకుని వెల్డింగ్ పెడతానంటే ఒప్పుకోకండి. విప్పి బయటికి తీసి చేయాలి, కాస్త ఆలస్యమైనా సరే. తీయడానికి వీల్లేని చోటైతే పైన సీటు, కార్పెట్ తీయించి, మంటలు ఆర్పే సిలిండర్ పక్కన పెట్టించండి. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వెల్డింగ్ అస్సలు వద్దు, కొన్ని రకాల్లో ఉండే క్లోరిన్ రసాయనాలు ఆ వేడికి విషవాయువు అవుతాయి. జీఐ (జింకు పూత పూసిన) పైపు ముక్క అతికిస్తానన్నా వద్దనండి, జింకు పొగ పీల్చిన వెల్డర్‌కి రాత్రికి జ్వరం వస్తుంది. ఎంసీల్ లాంటి పుట్టీలు ఈ వేడికి నిలబడవు. కొన్ని చోట్ల ఇంకా ఆస్బెస్టాస్ తాడు చుట్టేస్తుంటారు, ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత క్యాన్సర్ తెస్తుంది, పాత ప్యాకింగ్‌ని కూడా పొడిగా గీకనివ్వకండి. మీరే ఇంట్లో చేసుకుంటుంటే జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

సైలెన్సర్ డబ్బా అడుగున సూది బెజ్జమంత రంధ్రం ఒకటి కనిపించవచ్చు. లీకనుకుని దాన్ని వెల్డింగ్‌తో పూడ్చేస్తారు. పెట్రోలు కాలితే వచ్చే నీరు బయటికి పోవడానికి కంపెనీ వాళ్ళు పెట్టిందది. రోజూ మైలాపూర్ నుంచి మందవెళి దాకా మాత్రమే తిరిగే కారులో ఆ నీళ్ళు ఆవిరయ్యేంత వేడి రాదు, పూడిస్తే లోపల నిలిచి డబ్బా కుళ్ళుతుంది.

క్యాట్‌కాన్ తీసేసి మామూలు గొట్టం పెడితే పికప్ పెరుగుతుందనే మాట వింటే నవ్వి ఊరుకోండి. మద్రాసుతో కలిపి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి అది తప్పనిసరి అయింది 1995 ఏప్రిల్‌లో. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, పాతదానికీ గిరాకీ ఉంది. నిజంగా మార్చాల్సి వస్తే పాతది ఎక్కడికి పోతోందో అడగండి, వీలైతే మీరే తీసుకుని డిక్కీలో వేసుకోండి.

పనయ్యాక మొదటిసారి కొంచెం పొగ, నూనె వాసన వస్తే కంగారొద్దు, కాసేపటికి పోవాలి. పోకుండా కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే వెంటనే ఆపి కింద చూడండి. కొన్నాళ్ళు తిరిగాక ఇంజను పూర్తిగా చల్లారినప్పుడు నట్లు ఇంకోసారి బిగించమనండి, వేడికీ చల్లదనానికీ అవి వదులవుతాయి. పీయూసీ (పొల్యూషన్ సర్టిఫికెట్) గడువు దగ్గర్లో ఉంటే ఈ పనంతా అయ్యాకే వెళ్ళండి, లీకు దగ్గర బయటి గాలి కలిస్తే రీడింగ్ సరిగ్గా రాదు.