ఎన్‌విడియా డ్రైవర్ వేశాక ఆ నీలం తెర దగ్గర ఆగండి

ఏఎమ్‌డీ, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే లైనక్స్‌లో డ్రైవర్ కోసం వెతకక్కర్లేదు. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ), మెసా (ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ లైబ్రరీ) కలిసి చూసుకుంటాయి. ఎన్‌విడియా అయితేనే ఆలోచించాలి. ఎన్‌విడియా కార్డుల ఓపెన్ సోర్స్ డ్రైవర్ నూవో, జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డుల క్లాక్ వేగాన్ని (చిప్ పనిచేసే వేగాన్ని) పెంచలేదు, అందుకే గేమ్స్ నత్తనడక నడుస్తాయి. వాటికి కంపెనీ డ్రైవరే మేలు. ఎన్‌విడియా సైట్ నుంచి కాదు, మీ డిస్ట్రో (మీరు వాడే లైనక్స్ రకం) రిపాజిటరీ, అంటే దాని సొంత సాఫ్ట్‌వేర్ భండారం నుంచే వేసుకోండి. కెర్నల్ అప్‌డేట్ అయినా టెన్షన్ తక్కువ.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఉబుంటు డిస్ట్రో డ్రైవర్ ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. గుర్తుంచుకోండి. అలా అడిగితే రీబూట్‌లో నీలం తెర వస్తుంది, కొన్ని సెకన్లే ఉంటుంది. కంగారులో కంటిన్యూ నొక్కేయకుండా ‘ఎన్‌రోల్ మోక్’ (Enroll MOK, అంటే డ్రైవర్ సంతకపు కీని నమ్మమని కంప్యూటర్‌కు చెప్పడం) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టండి. అది వదిలేస్తే డ్రైవర్ డిస్క్‌లో ఉన్నా లోడ్ కాదు.