పప్పుకి కూపన్ రాదు: అమెరికాలో గ్రాసరీ కూపన్లు మొదలుపెట్టే తీరు

కందిపప్పు, సోనా మసూరి, బెండకాయలు, కరివేపాకు: వీటికి కూపన్ దొరుకుతుందని ఎదురుచూడకండి. అమెరికాలో కూపన్లు వేసేది ఎక్కువగా బ్రాండ్ కంపెనీలు. ఇండియన్ స్టోర్‌లో తగ్గింపు అంటే వారాంతం స్పెషలో పండగ సేలో, అంతే. అందుకే గ్రాసరీ ఖర్చంతా సగానికి పడిపోతుందన్న ఆశతో దిగినవాళ్లు నెల తిరక్కుండానే విసిగి వదిలేస్తారు. కూపన్ పనిచేసే సరుకులు వేరు: సీరియల్, యోగర్ట్, గ్రనోలా బార్లు, టూత్‌పేస్ట్, షాంపూ, లాండ్రీ డిటర్జెంట్, డైపర్లు. పసిపిల్లలున్న ఇంట్లో డైపర్ల మీదే తేడా బాగా తెలుస్తుంది.

ముందు రెండు నెలల రసీదులు బయటికి తియ్యండి. మళ్లీ మళ్లీ కొంటున్న బ్రాండ్ వస్తువులు పదిహేనో ఇరవయ్యో తేలతాయి. ఫోన్‌లో ఒక్కోదాని ఎదురుగా సైజు, ఇప్పటిదాకా కట్టిన అతి తక్కువ ధర, ఔన్సుకి ఎంత పడిందో రాసుకోండి. షెల్ఫ్ మీద ధర చీటీలో చిన్న అక్షరాల్లో ఔన్సు ధర చాలాచోట్ల ఉంటుంది. ఈ పట్టీ లేకుండా కూపన్లు పట్టుకుంటే సేల్ చీటీ తగిలించిన ప్రతిదీ చవకలాగే కనిపిస్తుంది.

తర్వాత ఒక్క స్టోర్‌నే పట్టుకోండి. డాలస్ వైపు క్రోగర్, బే ఏరియాలో సేఫ్‌వే, న్యూజెర్సీలో షాప్‌రైట్, ఏది దగ్గరైతే అది. నాలుగు యాప్‌లు ఒకేసారి పెట్టుకుంటే ఏ కూపన్ ఎక్కడుందో గుర్తుండదు. యాప్‌లో ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి, మీ పట్టీలో ఉన్న వస్తువుల కూపన్లు మాత్రమే క్లిప్ చెయ్యండి, అంటే నొక్కి ఖాతాలో చేర్చుకోండి. క్రోగర్, సేఫ్‌వేల్లో వారం సేల్ చాలాచోట్ల బుధవారం మొదలై మంగళవారంతో ముగుస్తుంది. టార్గెట్‌లో ఆదివారం నుంచి శనివారం. మంగళవారం రాత్రి వెళ్తే సేల్ సరుకున్న అరలు ఖాళీగా వెక్కిరిస్తాయి.

కూపన్లు రెండు జాతులు. ఒకటి మాన్యుఫాక్చరర్ కూపన్, దాని డబ్బు స్టోర్‌కి కంపెనీ తిరిగిస్తుంది. రెండోది స్టోర్ కూపన్, ఆ తగ్గింపు స్టోర్ ఇచ్చేది. ఒక వస్తువుకి మాన్యుఫాక్చరర్ కూపన్ ఒక్కటే చెల్లుతుంది. ఆ ఒక్కటీ కాగితం మీద ఉండొచ్చు, యాప్‌లో ఉండొచ్చు. యాప్‌లో క్లిప్ చేసిందీ మాన్యుఫాక్చరర్‌దే అయితే, అదే డబ్బా మీద కాగితం కూపన్ ఇచ్చినా మెషీన్ తీసుకోదు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మాన్యుఫాక్చరర్‌ది ఒకటి, స్టోర్‌ది ఒకటి కలిపి వాడటాన్ని స్టాకింగ్ అంటారు. టార్గెట్‌ సొంత యాప్‌లో వచ్చే ‘సర్కిల్’ ఆఫర్ మీద మాన్యుఫాక్చరర్ కూపన్ కలపొచ్చు. టెక్సాస్‌లోని హెచ్‌ఈబీ స్టోర్లలో అరల దగ్గర వేలాడే పసుపు రంగు కూపన్లు స్టోర్‌వి. చాలా స్టోర్ల వెబ్‌సైట్‌లో కూపన్ పాలసీ పేజీ ఉంటుంది, వెళ్లేముందు ఒకసారి చదివితే కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది.

ఇక లెక్క. ఉదాహరణకి సీరియల్ 12 ఔన్సుల డబ్బా 4.99 డాలర్లు, మీ దగ్గర రెండు కొంటే డాలర్ తగ్గే కూపన్ ఉంది. ఈ వారమే వాడేస్తే రెండింటికి 8.98, డబ్బా 4.49 పడింది. అదే డబ్బా 2.99కి సేల్‌కి వచ్చేదాకా ఆగితే రెండింటికి 4.98, ఒక్కోటి 2.49. కూపన్ అదే, మారింది వారం. అందుకే కూపన్ దొరకగానే పరుగెత్తకండి, గడువు తేదీ చూసి సేల్ కోసం కాచుక్కూర్చోండి. బ్రాండ్ సరుకులు చాలావరకు ఆరు నుంచి పన్నెండు వారాలకోసారి మంచి సేల్‌కి వస్తుంటాయి.

అయినా ఒక చూపు స్టోర్ సొంత బ్రాండ్ వైపు వెయ్యండి. పక్కనే 18 ఔన్సుల డబ్బా 2.69 ఉందనుకుంటే ఔన్సుకి 15 సెంట్లు. సేల్, కూపన్ రెండూ కలిసిన మీ బ్రాండ్ ఔన్సుకి 21 సెంట్లు దగ్గర పడింది. పిల్లాడు ఆ బ్రాండ్ తప్ప ముట్టనంటే అది వేరే సంగతి. లేకపోతే కూపన్ చింపి చెత్తబుట్టలో వెయ్యడమే లాభం.

కూపన్ మీది చిన్న అక్షరాల్లో రెండు మాటల మధ్య తేడా చూసుకోవాలి. ‘పర్చేజ్‌కి ఒకటి’ అంటే వస్తువుకి ఒక కూపన్ అని, నాలుగు వస్తువులకి నాలుగు కూపన్లు ఇవ్వొచ్చు. ‘ట్రాన్సాక్షన్‌కి ఒకటి’ అంటే బిల్లు మొత్తానికి ఒకటే. క్రోగర్‌లో ‘ఐదుసార్ల దాకా’ అని వచ్చే డిజిటల్ డీల్స్ ఒకే బిల్లులో వాడుకోవాలి. రెండు కొని మిగతా మూడూ వచ్చేసారి కొందామంటే కుదరదు.

కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు కొట్టకపోతే యాప్ కూపన్లేవీ పడవు. క్రోగర్‌లో దాన్ని ఆల్ట్ ఐడీ అని అడుగుతారు. ‘50 డాలర్లకి 5 తగ్గింపు’ లాంటి కాగితం కూపన్ ఉంటే అన్నిటికంటే ముందు అదే ఇవ్వండి. మిగతా కూపన్లు పడ్డాక మొత్తం 50 కిందికి జారితే కొన్నిచోట్ల అది చెల్లదు. డబ్బు కట్టేముందు తెర మీద తగ్గింపులు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. సెల్ఫ్ చెకౌట్‌లో కాగితం కూపన్ పెడితే చాలాసార్లు మెషీన్ ఆగి మనిషిని పిలుస్తుంది. కాగితాలు ఎక్కువుంటే క్యాషియర్ లైనే నయం.

కూపన్ పడకపోతే ముందు అనుమానించాల్సింది సైజుని. కూపన్ 50 ఔన్సులు, ఆపైన అంటే 46 ఔన్సుల డిటర్జెంట్‌కి రాదు. ట్రావెల్ సైజులకి చాలావాటిలో మినహాయింపు రాసే ఉంటుంది. తర్వాత ఫ్లేవర్ చూడండి, ఆపైన గడువు. అదే యాప్ కూపన్ ఇంట్లో వాళ్లెవరో పొద్దున్నే వాడేసి ఉండొచ్చు కూడా. మీ వైపు తప్పు లేకపోతే రసీదు, వస్తువు, ఫోన్‌లో కూపన్ పట్టుకుని అప్పుడే కస్టమర్ సర్వీస్ కౌంటర్‌కి వెళ్లండి. ఇంటికొచ్చాక కనిపెడితే రెండు డాలర్ల కోసం మళ్లీ పెట్రోలు తగలెయ్యాలి. సేల్ వస్తువు అయిపోతే రెయిన్ చెక్, అంటే సేల్ ధర తర్వాత ఇస్తామనే చీటీ, ఉందా అని అడగండి. ఇచ్చే స్టోర్ అయితే సరుకు వచ్చాక అదే ధరకి కొనుక్కోవచ్చు.

కాస్ట్‌కో, ఆల్డీలకి మాన్యుఫాక్చరర్ కూపన్లు పట్టుకెళ్లొద్దు, తీసుకోరు. కాస్ట్‌కో తన బుక్‌లెట్ తగ్గింపులు బిల్లులో తానే వేసేస్తుంది.

ఐబోటా లాంటి క్యాష్‌బ్యాక్ యాప్‌లు కొన్నాక డబ్బు వెనక్కిస్తాయి. కొనేముందే ఆఫర్ ఎంచుకుని, సైజు సరిచూసుకుని, ఇంటికి రాగానే రసీదు ఫోటో ఎక్కించాలి. బార్‌కోడ్ కూడా అడగొచ్చు గనక డబ్బా అప్పుడే పారెయ్యకండి.

సేల్ దొరికింది కదా అని ఎన్ని కొనాలంటే, మూడు నెలల వాడకం చాలు. టూత్‌పేస్ట్, డిటర్జెంట్ నిలవుంటాయి. సీరియల్, బార్లు ఎక్స్‌పైరీ తేదీ చూసి కొనాలి. డైపర్లు మాత్రం ఒకే సైజు గుట్టగా పెట్టొద్దు, పెట్టె ఖాళీ అయ్యేలోపే పసివాడు తర్వాతి సైజుకి పెరిగిపోతాడు.

వాట్సాప్‌లో తిరిగే ‘75 డాలర్ల ఉచిత కూపన్’ లింకులు నొక్కకండి, అవి మీ వివరాలు లాగడానికి. కాగితం కూపన్‌ని జిరాక్స్ తియ్యడం మోసం కిందికే వస్తుంది. కూపన్లు డబ్బిచ్చి కొనడమూ వద్దు, అమ్మినా చేతులు మారినా చెల్లదని చాలావాటి మీద అచ్చయ్యే ఉంటుంది. కూపన్ ఇన్ఫర్మేషన్ కార్పొరేషన్ అనే సంస్థ నకిలీ కూపన్ల జాబితా తన సైట్‌లో పెడుతుంది. ఏదైనా వస్తువు పూర్తిగా ఉచితం అనే కూపన్ ఎవరైనా పంపితే, స్టోర్‌కి తీసుకెళ్లేముందు అక్కడ వెతకండి. వీసా మీద ఉన్నవాళ్లకి మోసం కేసు పడితే పోయేది కూపన్ డబ్బు ఒక్కటే కాదు.